ముందునుంచే ఉన్న జబ్బు

బచేలి టౌన్‌షిప్‌లో చక్రధరరావుని అందరూ కాగితాల మనిషి అనేవారు. నిజానికి అతని పని కాగితాలతో కాదు. ఇనుప రాయిని కొండ మీంచి కిందికి దించే కన్వేయర్ బెల్టు తెగితే, రబ్బరు కరిగించి అతకడం అతని ఉద్యోగం. ఇరవై మూడో ఏట పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి చేరాడు. ముప్పై ఏడేళ్లు ఆ రబ్బరు వాసనలోనే గడిచిపోయాయి. కానీ సెక్షన్‌లో ఎవరికి ఏ సర్క్యులర్ అర్థం కాకపోయినా, పి.ఎఫ్. ఫారం నింపాలన్నా, క్వార్టర్ మార్చుకోవాలన్నా అతని దగ్గరికే వచ్చేవారు. హిందీలో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా చిన్న అక్షరాలతో సహా చదివి, "ఇదిగో, మెలిక ఇక్కడుంది" అని వేలు పెట్టి చూపించేవాడు. అలా చూపించినప్పుడు అతని మొహంలో ఒక వెలుగు వచ్చేది.

భార్య పార్వతమ్మ ఏడో తరగతి దాకా చదివింది. సంతలో ఆదివాసీ ఆడవాళ్లతో హల్బీలో బేరమాడేది, పక్క క్వార్టర్ వాళ్లతో హిందీలో, ఇంట్లో తెలుగులో మాట్లాడేది. కాగితాల జోలికి మాత్రం వెళ్లేది కాదు. బ్యాంకు వాళ్లు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి, "ఆయన చూసుకుంటారు" అనేది.

ఒక్కతే కూతురు లాస్య. పెళ్లయి జగదల్‌పూర్‌లో ఉంటుంది, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. రిటైరయ్యాక అక్కడే కూతురికి దగ్గరలో ఇల్లు అద్దెకు తీసుకుందామని ముందే అనుకున్నారు. చక్రధరరావుకి మిగిలిన చింతల్లా ఒక్కటే. జూన్ ముప్పైన ఉద్యోగం అయిపోతుంది. ఆ రోజుతో కంపెనీ ఆస్పత్రి ఉచిత వైద్యం కూడా అయిపోతుంది. తర్వాత ఏం చెయ్యాలి?

రిటైరైన వాళ్లకి కంపెనీ పథకం ఒకటి ఉండేది. ఉద్యోగం విడిచేలోపు ఒకసారి డబ్బు కట్టి చేరితే భార్యాభర్తలిద్దరికీ జీవితాంతం వర్తిస్తుంది. మీకేం జబ్బులున్నాయని అడగరు. అయితే ఇద్దరికీ కలిపి ఏడాదికి ఇంతేనని ఒక హద్దు ఉంది. చక్రధరరావు చూపు ఆ హద్దు దగ్గరే ఆగిపోయింది. దానికి కారణం ముసలయ్య.

ముసలయ్య అతని పాత ఫోర్‌మన్. రిటైరై తోంగ్‌పాల్‌లో రోడ్డు పక్కన టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. రెండేళ్ల కిందట గుండె ఆపరేషన్ చేయించుకున్నాడు. చూడ్డానికి వెళ్లిన చక్రధరరావుతో, "లిమిటు దాటిపోయిందన్నార్రా. మిగతాది కడితేగానీ డిశ్చార్జి చెయ్యమన్నారు. స్థలం అమ్మేసేను" అన్నాడు. చొక్కా గుండీలు విప్పి నిలువునా ఉన్న కుట్టు చూపించాడు. తిరిగి వస్తూ బస్సులో చక్రధరరావుకి ఆ కుట్టు కన్నా లిమిటన్న మాటే ఎక్కువ గుర్తుంది.

అందుకే ప్రైవేటు పాలసీల వైపు తిరిగాడు. మూడు కంపెనీల కాగితాలు తెప్పించి నెలరోజులు చదివాడు. ఒకదానిలో గది అద్దెకి హద్దు. ఇంకోదానిలో ప్రతి బిల్లులో ఇరవై శాతం మనమే కట్టుకోవాలి. మూడోదానిలో అవేవీ లేవు, ఏడాదికి ఇచ్చే మొత్తం కూడా కంపెనీ పథకానికి రెట్టింపు. మెలికల్లా ఒకటే. పాలసీ తీసుకునేనాటికి ఉన్న జబ్బు ఏదైనా సరే, మూడేళ్ల దాకా దానికి డబ్బు రాదు. "మనకి జబ్బులేవీ లేవు గదా" అనుకున్నాడు.

అతని కింద పనిచేసే రామనర్సయ్య కొంటా వైపు నుంచి వచ్చిన మనిషి. షిఫ్టు బస్సులో సంగతి విని ఉండబట్టలేకపోయాడు.

"ఏందన్నా, కంపెనీది ఇడిసిపెడతనంటవా? గాళ్లు రోగం ఏందని అడగరు. కట్టేసి నిమ్మళంగ ఉండు."

"లిమిటు చూసేవా నువ్వు? ముసలయ్యకేమయిందో తెలీదా?"

"ముసలయ్య బతికిండు గదన్నా."

చక్రధరరావు నవ్వేశాడు. రెండూ తీసుకోమని కూడా చెప్పి చూశాడు రామనర్సయ్య. ఒక తలకి రెండు గొడుగులెందుకని అతను కొట్టిపారేశాడు.

డిసెంబరు మొదటి ఆదివారం కిషోర్ ఫారాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. పాత క్రషర్ ఆపరేటర్ కొడుకు. నలభై ఏళ్లుంటాయి. బచేలిలోనూ కిరందుల్‌లోనూ సగం క్వార్టర్లకి అతనే బీమా ఏజెంటు. ముందుగదిలో కూర్చుని ఒక్కొక్క ప్రశ్నా చదువుతూ టిక్కులు పెట్టుకుంటూ పోయాడు.

"బీపీ అంకుల్?"

"లేదు."

"షుగరు? ఆంటీకి?"

"ఆవిడకీ లేదు."

"గుండె నొప్పి, ఆయాసం, ఫిట్లు?"

"లేవు."

"ఒంట్లో ఎక్కడైనా గడ్డలు, వాపులు, రక్తం పోవడం?"

"లేవు, లేవు. రాసెయ్."

పార్వతమ్మ అప్పుడే కాఫీ గ్లాసులు తెచ్చి గుమ్మం దగ్గర ఆగింది. పదిహేను రోజుల కిందట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగ గింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొప్పి లేదు. ఆయన సెలవు రోజు చూసి చెబుదామని అప్పటినుంచీ అనుకుంటోంది. మొగుడు పరాయి మనిషి ముందు "లేవు, లేవు" అనేశాక ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టింది.

కిషోర్ కాఫీ తాగుతూ అన్నాడు: "ఒక్కమాట అంకుల్. ఇక నుంచి చిన్నచిన్న వాటికి ఆస్పత్రికి పరిగెత్తకండి. ఓపీ కార్డులో ఏం రాసినా రేపు క్లెయిము టైములో తీసి చూస్తారు. ముందునుంచే ఉన్న జబ్బని తేలితే మూడేళ్లు. దాచేరనుకున్నారంటే పాలసీయే పోతాది."

"తెలుసయ్యా. పద్దెనిమిదో పేజీలో ఉంది" అన్నాడు చక్రధరరావు.

తర్వాతి వారం ఇద్దరినీ జగదల్‌పూర్ తీసుకెళ్లి పరీక్షలు చేయించారు. రక్తం తీశారు, ఈసీజీ తీశారు, బరువు చూశారు. ఛాతీకి వైర్లు తగిలించిన అమ్మాయి పార్వతమ్మని ఏమీ అడగలేదు. ఆమె ఏమీ చెప్పలేదు. పాలసీ వచ్చింది. మార్చిలో కంపెనీ ఆఫీసు నుంచి పథకం ఫారం వచ్చినప్పుడు, "నాకు ఈ పథకం అవసరం లేదు" అని చక్రధరరావు తన గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చేశాడు.

సాయంత్రాలు ఇద్దరూ నడకకి వెళ్లేవారు. దారి ఆస్పత్రి గేటు ముందునుంచే. ఏప్రిల్లో ఒకరోజు అక్కడికొచ్చేసరికి పార్వతమ్మ అడిగింది.

"ఏమండీ, జూన్ దాకా ఇక్కడ మనకి అంతా ఉచితమే గదా?"

"అవును."

"పోనీ ఓసారి చూపించుకుందామా? ఊరికే, మొత్తం ఒళ్లంతా."

"మనకేం ఉందని చూపించుకోవాలి? లేనిపోనివి రికార్డులో ఎక్కుతాయి. ఇన్నాళ్లు చదివి చదివి తీసుకున్నాను, నువ్వు పాడుచెయ్యకు."

ఆమె మళ్లీ అడగలేదు.

పక్క క్వార్టర్ నాగలక్ష్మికి మాత్రం ఆ నెలలోనే చెప్పింది. అప్పటికి గడ్డ ఉసిరికాయంత అయింది. నాగలక్ష్మి హడలిపోయి, "నడు వదినా, ఇప్పుడే పోదాం, నేనొస్తాను" అని చెయ్యి పట్టుకుని లాగింది.

"ఇప్పుడు రాయిస్తే ఆయన తీసుకున్నది బుగ్గయిపోతాది నాగలక్ష్మీ. కంపెనీది కూడా వద్దనేసేరు. జూలై రానీ. కొత్త ఊరు, కొత్త డాక్టరు. అప్పుడు కొత్త జబ్బే అవుతాది" అంది పార్వతమ్మ. పిల్లల మీద ఒట్టు వేయించుకుని మరీ పంపింది.

విన్నది విన్నట్టు అర్థం చేసుకున్న మనిషి ఆమె. కాగితం మీద పడనిది లేనట్టే అని ఇంట్లో ఆర్నెల్లుగా వింటోంది. వంటగదిలో పసుపు ముద్ద చేసుకుని గడ్డకి పట్టు వేసుకునేది. జాకెట్టుకి మరక అంటితే తనే ఉతుక్కునేది.

జూన్ ముప్పైన సెక్షన్‌లో శాలువా కప్పారు. రామనర్సయ్య ఏడ్చాడు. వారం తిరక్కుండా సామాను లారీలో జగదల్‌పూర్ చేరింది.

పార్వతమ్మ జూలైలో కూడా చెప్పలేదు. కొత్త ఇల్లు సర్దుకోవడం, వర్షాలు, చక్రధరరావుకి పెన్షన్ కాగితాల తిరుగుడు. ఇవాళ రేపు అంటూ వాయిదా వేసింది. అప్పటికి భయం కూడా పట్టుకుంది. ఆగస్టు మధ్యలో ఒక ఆదివారం లాస్య తల్లికి తలంటుదామని వచ్చింది. చీర కొంగు తీయనివ్వకుండా తల్లి గింజుకుంటుంటే అనుమానమొచ్చి బలవంతంగా తీసింది. చూసి అక్కడే కూలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన పరీక్ష చేసి, చంకలోనూ నొక్కి చూసి, కుర్చీలో కూర్చుని కేసు షీటు ముందుకి లాక్కుని, ఎప్పటినుంచి ఉందని అడిగాడు.

"కబ్ సే హై, అమ్మా?"

చక్రధరరావు నోరు తెరిచేలోపే పార్వతమ్మ జవాబిచ్చింది. మొగుడి దగ్గర దాచింది గానీ, దేవుడి దగ్గరా డాక్టరు దగ్గరా దాచకూడదన్నది ఆమెకి చిన్నప్పటినుంచీ ఉన్న నమ్మకం.

"నౌ మహీనా హో గయా, సాబ్."

తొమ్మిది నెలలు. డాక్టరు రాసుకున్నాడు. పెన్ను కదులుతుంటే చక్రధరరావు ఆగస్టు నుంచి వెనక్కి వేళ్లు మడిచాడు. నవంబరు. పాలసీ డిసెంబరుది. ముందు అతనికి తోచింది అదే. భార్యకి ఏమవుతుందన్నది ఆ తర్వాత తోచింది. ఆ వరస అతను చచ్చేదాకా మర్చిపోలేడు. ఈ సంగతి కూతురికి ఎప్పుడూ చెప్పలేదు.

లాస్య తల్లిని పక్కగదిలోకి తీసుకెళ్లాక డాక్టరు ముందు చేతులు జోడించాడు. రెండు నెలలని రాయమని హిందీలో బతిమాలాడు. ముప్పై ఏడేళ్ల సర్వీసులో తప్పుడు ఓవర్‌టైము ఒక్కటి రాయించని మనిషి. డాక్టరు కోప్పడలేదు. ఈ సైజు గడ్డని చూసి రెండు నెలలదంటే ఎవరూ నమ్మరని, పైగా ఆమె చెప్పింది రాయడమే తన పని అని చెప్పి, ముక్క పరీక్షకి చీటీ రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక వసారాలో నిలబడి అడిగాడు.

"ఎందుకు చెప్పలేదే?"

"ఫారం రాసిన రోజు చెబుదామనే వచ్చేనండి. మీరు లేవు లేవు అనేసేరు. ఆ కిషోర్ ముందు మిమ్మల్ని అబద్ధాలకోరుని చెయ్యడమెందుకని ఊరుకున్నాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీరే గదా అన్నారు, రికార్డులో పడకూడదని."

లాస్య చెప్పుల స్టాండు పక్కన నిలబడి ఇద్దరినీ చూసింది. "ఇంటికి పది నిమిషాల దూరంలో ఆస్పత్రి. ఒక్క పైసా అక్కర్లేదు. ఇద్దరూ కలిసి చక్కగా దాచేరు" అంది.

ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. చంకలోకి పాకింది. ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్లాలన్నారు. చక్రధరరావు పాలసీ కాగితాలన్నీ జతచేసి ముందస్తు అనుమతికి పెట్టాడు. పదకొండు రోజులకి జవాబొచ్చింది. రోగి స్వయంగా చెప్పిన ప్రకారం లక్షణాలు పాలసీకి ముందునుంచే ఉన్నాయి, దరఖాస్తులో ఆ ప్రశ్నకి లేదని జవాబిచ్చారు, కాబట్టి క్లెయిము తిరస్కరించి పాలసీ రద్దు చేశాం అని.

ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాడు. ఎక్కడా మెలిక దొరకలేదు. వేరే ఎవరి ఇంటికైనా ఇదే ఉత్తరం వచ్చి అతని దగ్గరికి తెస్తే, వాళ్లు రాసింది రైటేనని చెప్పి ఉండేవాడు.

కిషోర్‌కి ఫోన్ చేశాడు.

"ఆంటీ డాక్టరుకి అలా ఎందుకు చెప్పేరంకుల్?" అన్నాడు కిషోర్. చక్రధరరావు ఫోన్ పెట్టేశాడు.

మిగిలింది కంపెనీ పథకం. బస్సెక్కి బచేలి వెళ్లాడు. రామనర్సయ్య సెలవు పెట్టి వెంట వచ్చాడు. ఆఫీసులో గుమస్తా తెలిసినవాడే. కుర్చీ వేసి, టీ తెప్పించి, ఫైలు తీసి మార్చి నాటి కాగితం చూపించాడు. ఉద్యోగం విడిచాక చేర్చుకునే వీలు లేదని నొచ్చుకుంటూ చెప్పాడు. తన అక్షరాలు తనే చూసుకున్నాడు చక్రధరరావు. బయటికొచ్చాక రామనర్సయ్య, నేను చెప్పానుగా అన్న మాట అనలేదు. "అన్నా, తిని పో. మా ఇంట్ల అన్నమైంది" అన్నాడు. ఆ మాటకి చక్రధరరావు రోడ్డు మీదే ఏడ్చాడు. అన్నం తినకుండానే బస్సెక్కాడు.

ఆపరేషన్ విశాఖలోనే చేయించాడు, చేతి డబ్బుతో. గ్రాట్యుటీలో సగం అక్కడే అయిపోయింది. ఆ తర్వాత అక్కడే ఖర్చు తక్కువయ్యే వేరే ఆస్పత్రికి మారారు. మూడు వారాలకోసారి ఇంజక్షన్. జగదల్‌పూర్‌లో రైలెక్కి, అరకు సొరంగాలన్నీ దాటి విశాఖ చేరేసరికి ఒక పగలంతా పట్టేది. వెళ్లేటప్పుడు పార్వతమ్మ కిటికీ దగ్గర కూర్చునేది. వచ్చేటప్పుడు పడుకునే వచ్చేది.

ఒకసారి వెళ్తూ ఉండగా, కిటికీలోంచి చూస్తూనే అంది.

"నాకు మీ మీద కోపం ఉందండి."

చక్రధరరావు ఆమె వైపు తిరిగాడు. పెళ్లయ్యాక ముప్పై మూడేళ్లలో ఆ మాట ఆమె నోట వినలేదు.

"డబ్బు పోయినందుక్కాదు. ఎన్ని కాగితాలు చదివేరు నా గురించి! ఎక్కడెక్కడివో తెప్పించి, గీతలు గీసి, రాత్రీపగలూ చదివేరు. నన్నొక్కసారి అడగలేదు. నా ఒంటి గురించి ఏ ప్రశ్నకైనా మీరే జవాబు చెప్పేరు."

"తప్పే పార్వతీ."

"మీ ఒక్కరిదే అనట్లేదు. నాకూ నోరుంది. వాడుకోలేదు. ఈ కోపం తగ్గట్లేదండి. చెప్పకుండా ఉంటే ఇది కూడా గడ్డ కడతాదని చెప్పేను" అంది.

అతను నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె తాగింది.

ఏడాది బాగానే నెట్టుకొచ్చింది. జుట్టు మళ్లీ మొలిచింది. దీపావళికి అరిసెలు కూడా వండింది. తర్వాత నడుము నొప్పంది. ఎముకల్లోకి దిగిందని ఫోటో తీసి చెప్పారు. డాక్టరు చెప్పిన కొత్త మందు ఖరీదు విని లాస్య తన గాజులు తెచ్చింది. పార్వతమ్మ అమ్మనివ్వలేదు. "ఇంక నన్ను రైలెక్కించకండి" అంది. జగదల్‌పూర్‌లోనే నొప్పి తగ్గే బిళ్లలతో మూడు నెలలు ఉండి, ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, కూతురు తల దువ్వుతుండగా ప్రాణం విడిచింది. యాభై ఎనిమిదేళ్లు.

పదమూడో రోజున నాగలక్ష్మి బచేలి నుంచి వచ్చింది. ఒట్టు తీసి గట్టున పెట్టి చెప్పేయవలసిందని తలబాదుకుంది. చక్రధరరావు ఆమెని ఓదార్చలేదు, తిట్టనూ లేదు. చెప్పి ఉంటే తను వినేవాడినా అన్నది అతనికే అనుమానం.

ఇప్పుడతను ఆ అద్దె ఇంట్లోనే ఒక్కడూ ఉంటాడు. కాగితాలు చదివి పెట్టమని అడిగేవాళ్లు అక్కడ లేరు. బచేలి నుంచి ఎప్పుడైనా ఎవరైనా ఫోన్ చేసి రిటైర్మెంటుకి ఏ పాలసీ మంచిదని అడిగితే, రామనర్సయ్యని అడగమంటాడు. లాస్య ఆదివారాలు వచ్చి రెండు రోజులకి సరిపడా వండిపెట్టి వెళ్తుంది. మాటలు తక్కువ. ఉప్పు అయిపోయిందనో, గ్యాస్ బుక్ చేశాననో.

మొన్న వర్షాల్లో ఒక ఆదివారం ఆమె సంచిలోంచి బియ్యం తీస్తుంటే ఆస్పత్రి కవరు బయటపడింది. రొమ్ము పరీక్ష చేసే చోటిది. చక్రధరరావు చూశాడు. లాస్య కూడా అతను చూడటం చూసింది. తల్లికి వచ్చింది కాబట్టి ఏడాదికోసారి చూపించుకోమని డాక్టరు చెప్పాడట.

"ఏమన్నారమ్మా?" అని అడిగాడు.

"ఏం లేదు నాన్నా."

అతను కుర్చీలోంచి లేచాడు. వంటగది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"కాగితం ఒకసారి చూపిస్తావా?"

లాస్య చటుక్కున తిరిగింది. "నా మాట మీద నమ్మకం లేదా?"

"నా చెవుల మీద లేదమ్మా."

ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుని కవరు ఇచ్చింది. నిజంగానే ఏమీ లేదు. అతను మడిచి వెనక్కిచ్చాడు. లాస్య దాన్ని సంచిలో పెట్టుకుంటూ, తండ్రి వైపు చూడకుండా, "నన్నడిగినట్టు అమ్మని అడగాల్సింది" అంది.

"అవునమ్మా" అన్నాడు.

ఆమె కుక్కరు దించి, పొద్దుపోతే ఆటో దొరకదేమోనని వాన తగ్గకముందే వెళ్లిపోయింది.